ఎరువుల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం: టికింటర్, పైక్యూట్, ఎలక్ట్రాన్‌లలో ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు బీటెక్ మూడో సంవత్సరం. బాబాయి గారి ఎరువులు, పురుగుమందుల కొట్టుకి బిల్లింగ్, స్టాక్, రైతుల ఖాతాలు చూసే ప్రోగ్రాం రాయాలనుకుంటున్నారు. పైథాన్ బాగా వచ్చు, జావాస్క్రిప్ట్ కొంచెం వచ్చు. కొట్లో ఉన్నది విండోస్ 7 వేసిన పాత సిస్టం, 2 జీబీ ర్యామ్. బిల్లు మీద రైతు పేరు తెలుగులో పడాలి. ప్రోగ్రాం విండోలు, బటన్లు, పట్టికలు కట్టడానికి వాడే టూల్‌కిట్లు టికింటర్, పైక్యూట్ (ఈ రెండూ పైథాన్‌కి), ఎలక్ట్రాన్ (జావాస్క్రిప్ట్‌కి)... ఈ మూడింట్లో ఏది మేలు?

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆ సిస్టం మార్చరు అంటే ఎలక్ట్రాన్ వద్దు. పైథాన్‌లోనే రాయాలంటే పైక్యూట్ కాకుండా దాని తోబుట్టువు పైసైడ్ తీసుకోండి. విండోస్ 7 కాబట్టి పైసైడ్2. ఓ మూడు వారాలు కూర్చుని సీ షార్ప్ నేర్చుకునే ఓపిక ఉంటే మాత్రం మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్‌కిట్ విన్‌ఫార్మ్స్, దాని కింద డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8. నేనైతే రెండోదే చేస్తాను. టికింటర్‌తో మొదలుపెడితే రెండో నెలలో గ్రిడ్ దగ్గర ఆగిపోతారు, అదెందుకో కింద చెబుతాను.

నేను 2003 నుంచి గుంటూరు చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి ఇలాంటివే రాస్తున్నాను. ఎరువుల కొట్లు, మందుల షాపులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, రెండు రైస్ మిల్లులు. విజువల్ బేసిక్ 6తో మొదలై డాట్ నెట్, క్యూట్ (పైక్యూట్, పైసైడ్‌ల వెనక ఉన్న టూల్‌కిట్), మధ్యలో ఎలక్ట్రాన్ కూడా చేశాను. కాబట్టి ఇది కౌంటర్ దగ్గర చూసిన మనిషి చెప్పే మాట. పెద్ద కంపెనీ ప్రాడక్టులకి లెక్క వేరుగా ఉండొచ్చు.

మీ పాత సిస్టం సగం నిర్ణయాలు ముందే తీసేసుకుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరిలో ఆగిపోయింది. పైథాన్‌లో 3.8 తర్వాత వెర్షన్లు దాని మీద నడవవు. క్యూట్ 6 విండోస్ 10కి కింద పనిచేయదు, అందుకే పైసైడ్6 కాకుండా పైసైడ్2 అన్నాను. ఎలక్ట్రాన్ 23 నుంచి విండోస్ 7ని వదిలేసింది. డాట్ నెట్ 8 కూడా అంతే. కానీ డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మాత్రం విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మీద ఎక్కుతుంది, విండోస్ 11లో ముందే ఉంటుంది. అంటే రేపు బాబాయి గారు కొత్త సిస్టం కొన్నా అదే ఎగ్జిక్యూటబుల్ ఫైలు కాపీ చేస్తే నడుస్తుంది. ఇంకో సంగతి, ఆ 2 జీబీ సిస్టంలో విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా చూడండి. 32 బిట్ అయితే పైథాన్, పైసైడ్2 రెండూ 32 బిట్‌వే వేసుకోవాలి.

(సిస్టం మార్చే వీలుంటే మార్పించండి. సెకండ్ హ్యాండ్‌ది, ఎస్‌ఎస్‌డీ ఉన్నది చాలు. అప్పుడు పైసైడ్6కి దారి తెరుచుకుంటుంది. కానీ "ముందు ప్రోగ్రాం చూపించు, సిస్టం తర్వాత కొందాం" అనే బాబాయిలే ఎక్కువ. అది కూడా న్యాయమే.)

ఎలక్ట్రాన్ మీద నాకు కోపమేం లేదు. వీఎస్ కోడ్ దాంట్లోనే ఉంది, రోజంతా వాడుతున్నాను. తెలుగు అక్షరాలు కూడా అందులో చక్కగా పడతాయి, ఎందుకంటే లోపల ఉన్నది క్రోమ్‌కి మూలమైన క్రోమియం బ్రౌజరే. బాధ కూడా అక్కడే. ప్రతి ప్రోగ్రాంతోపాటు ఒక బ్రౌజరు మొత్తం వస్తుంది. ఖాళీ విండో ఒకటి చూపించడానికే ఇన్‌స్టాల్ సైజు వంద ఎంబీ దాటుతుంది, ర్యామ్ కూడా ఆ స్థాయిలోనే తింటుంది. 2019లో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి గేట్ ఎంట్రీ ప్రోగ్రాం ఎలక్ట్రాన్‌లో చేసిచ్చాను. లాట్ నంబరు, రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, లారీ నంబరు, అంతే. నా ల్యాప్‌టాప్‌లో మెరుపులా ఉంది. వాళ్ల గేటు దగ్గర సిస్టంలో ట్యాలీ ఒకటి, క్రోమ్ ఒకటి తెరిచి ఉండేవి. మార్చి నెలలో లారీలు బారులు తీరాక, ఒక్కో ఎంట్రీకి స్క్రీన్ తెల్లబడి నాలుగైదు సెకన్లు ఆగేది. మూడో రోజుకి గుమాస్తా గారు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టారు, రాత్రి కూర్చుని ఎక్కించేవారు. దాన్ని విన్‌ఫార్మ్స్‌లో తిరగరాయడానికి పన్నెండు రోజులు పట్టింది. తప్పు ఎలక్ట్రాన్‌ది కాదు, ఆ సిస్టం ముందు ఒక్క గంట కూడా కూర్చోకుండా ఎంచుకున్న నాది.

ఇక టికింటర్. పైథాన్‌తోపాటే వస్తుంది, విడిగా ఏదీ వేయక్కర్లేదు. దాని వెనక ఉన్న టీకే 1991 నాటిది, గట్టి సరుకు. ఒక ఫోల్డరులో ఫైళ్ల పేర్లు మార్చడం, ఎక్సెల్ తెరిచి లెక్క కట్టి చూపించడం లాంటి ఒక్క విండో పనులకి నేను ఇప్పటికీ అదే వాడతాను. కానీ బిల్లింగ్ అంటే గ్రిడ్. వరుసలో ఐటం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, రేటు, ఎన్ని కట్టలు... గుమాస్తా ఆ గడుల్లోనే టైప్ చేస్తూ పోవాలి. టికింటర్‌లో పట్టికలా కనిపించే ట్రీవ్యూ చూపించడానికే, గడిలో టైప్ చేయనివ్వదు. గడి మీద ఒక ఎంట్రీ బాక్సు తెచ్చి అతికించి, స్క్రోల్ చేసినప్పుడు దాన్ని కదిలించి... రాయొచ్చు, రాసినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కష్టం విన్‌ఫార్మ్స్‌లో డేటాగ్రిడ్‌వ్యూ, క్యూట్‌లో టేబుల్ వ్యూ మొదటి రోజే తీరుస్తాయి. ఇంకోటి, టీకే 8.6తో లైనక్స్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడటం నేను చూశాను. మీది విండోస్ కాబట్టి ఆ గొడవ రాదు, కానీ మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంటే అక్కడ పరీక్షించి భయపడకండి.

పైక్యూట్‌కీ పైసైడ్‌కీ తేడా అడుగుతారేమో. రెండూ క్యూట్‌నే పైథాన్‌కి అందిస్తాయి, కోడ్ దాదాపు ఒకటే. లైసెన్సు వేరు. పైక్యూట్ జీపీఎల్ (ప్రోగ్రాం ఇంకొకరికి ఇస్తే మీ కోడ్ కూడా ఇవ్వాలి), లేదా డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సు. పైసైడ్ ఎల్‌జీపీఎల్ (మీ సొంత కోడ్ ఇవ్వక్కర్లేదు). ఈరోజు బాబాయికి ఉచితంగా ఇస్తారు, రేపు పక్క ఊరి షాపువాళ్లు "మాకూ ఒకటి, ఎంత?" అంటారు. ఆ రోజు టెన్షన్ లేకుండా ఉండాలంటే ఇప్పుడే పైసైడ్.

ఇప్పుడు అసలు విషయం: ఫ్రేమ్‌వర్క్ పేర్లు పక్కన పెట్టి తెలుగు ప్రింటు తీసి చూడండి. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా మునిగేది ఇక్కడే. స్క్రీన్ మీద వచ్చిన తెలుగు కాగితం మీద రాకపోవచ్చు. స్క్రీన్ మీదే రాకపోవచ్చు కూడా. విజువల్ బేసిక్ 6 మామూలు టెక్స్ట్ బాక్సులో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒకే ప్రమాణం) తెలుగు పెడితే ప్రశ్నార్థకాల వరుస వచ్చేది. అందుకని ఆ రోజుల్లో మేం ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లు వాడేవాళ్లం. చూడ్డానికి బాగానే ఉండేది. పదేళ్ల తర్వాత ఆ డేటా బయటికి తీస్తే "శ్రీనివాసరావు" అన్న పేరు కాస్తా పిచ్చి గుర్తుల కుప్ప. వాటిని యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రాం రాయడానికి నాకు ఒక వేసవి పోయింది.

మీరు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. స్త్రీ, లక్ష్మి, వెంకటేశ్వర్లు, శ్రీకాళహస్తి, సాఫ్ట్‌వేర్. ఈ అయిదు మాటల్ని లేబుల్‌లో, గ్రిడ్ గడిలో, ప్రింటులో, పీడీఎఫ్‌లో చూడండి. స్త్రీలో రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా? "సాఫ్ట్‌వేర్"లో ట్, వ కలిసిపోయాయా, విడిగా ఉన్నాయా? వాటిని విడదీసేది కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు. కొన్ని ప్రోగ్రాంలు దాన్ని చిన్న డబ్బాలా గీస్తాయి. గ్రిడ్ వరుస ఎత్తు ఇంగ్లిష్‌కి సరిపోయినట్టే ఉంటుంది గానీ కింద వత్తు సగం కోసుకుపోతుంది, వరుస ఎత్తు కొంచెం పెంచాలి. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీతో అక్షరాలు గీస్తే, దానికి వత్తులు కూర్చిపెట్టే రాక్మ్ అనే తోడు లేనప్పుడు గుణింతాలు చెదిరిపోతాయి. క్యూట్‌లో క్యూపెయింటర్‌తో గీస్తే ఆ బాధ లేదు.

ఫాంటు పేరు కోడ్‌లో గట్టిగా రాసేయకండి. నిర్మల యూఐ విండోస్ 8 నుంచే ఉంది. విండోస్ 7లో ఉన్నవి గౌతమి, వాణి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా పంచుకునే లైసెన్సుతో ఉన్నాయి, మీ ప్రోగ్రాంతోనే ఒకటి పెట్టి పంపండి.

థర్మల్ ప్రింటరు అయితే ఇంకో మెలిక. అందులో ఉన్న సొంత అక్షరాలు ఇంగ్లిష్, అంకెలు. తెలుగు అక్షరం పంపితే చెత్త కొడుతుంది. కాబట్టి తెలుగు లైన్లని బొమ్మగా గీసి పంపాలి. మూడంగుళాల ప్రింటరు సాధారణంగా అడ్డంగా 576 చుక్కలు, రెండంగుళాలది 384. ఆ వెడల్పులో తెలుపు నలుపు బొమ్మ గీసి పంపితే లక్షణంగా వస్తుంది. బిల్లు మొత్తం బొమ్మ చేయకండి, నెమ్మదిస్తుంది. పేరు, ఊరు బొమ్మగా, లెక్కలు మామూలు అక్షరాలుగా పంపండి. పాత డాట్ మ్యాట్రిక్స్ అయితే గ్రాఫిక్స్‌లో కొట్టించడానికి బిల్లుకి అరనిమిషం పట్టొచ్చు. జూలైలో యూరియా కోసం గుమ్మం దాటి లైను నిలబడినప్పుడు అరనిమిషం అంటే ఏంటో బాబాయి గారిని అడగండి. అలాంటి ఒక కొట్లో చివరికి బిల్లు ఇంగ్లిష్‌లో కొట్టి, రైతు పేరు ఒక్కటే తెలుగులో వచ్చేలా రాజీ పడ్డాం.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఒక ఊళ్లో పదకొండు మంది వెంకటేశ్వర్లు ఉన్న ఖాతాల పుస్తకం నేను చూశాను. తండ్రి పేరు, ఊరు, అందరూ పిలిచే పేరు లేకుండా వెతుకులాట కుదరదు. పైగా గుమాస్తాకి తెలుగు టైపింగ్ రాదు, ఇంగ్లిష్‌లో "వెంక" అని కొడతాడు. అందుకని పేరుకి రెండు గడులు ఉంచండి: తెలుగులో ప్రింటుకి, ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకడానికి. తెలుగు పేరు ఒక్కసారి, తీరిగ్గా ఉన్నప్పుడు ఎక్కిస్తే చాలు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు కూడా చేశాను. భాషాభిమానం పొంగి మెనూలు మొత్తం తెలుగులోకి మార్చాను. "నిల్వ పట్టిక", "విక్రయ పత్రం", "జమా ఖర్చుల సారాంశం". కౌంటర్లో కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "సార్, స్టాక్ ఎక్కడుంది?" అన్నాడు. తెలుగు లిపిలోనే "స్టాక్", "బిల్లు", "బాకీ" అని మార్చాక మళ్లీ ఎవరూ అడగలేదు.

మౌస్ ముట్టకుండా బిల్లు పూర్తవ్వాలి. ఇది ఫ్రేమ్‌వర్క్ కన్నా ముఖ్యం. మన దగ్గర కౌంటర్లో కూర్చునేవాళ్లు ట్యాలీకి అలవాటుపడ్డ చేతులు. ఎఫ్8 అంటే సేల్స్, ఎఫ్9 అంటే పర్చేజ్, ఆల్ట్ సీ అంటే కొత్త ఖాతా, కంట్రోల్ ఏ అంటే సేవ్. మీరు కొత్తగా ఏదో కనిపెట్టక అవే మీటలు పెట్టండి. ఎంటర్ కొడితే పక్క గడికి వెళ్లాలి, ఎస్కేప్ కొడితే వెనక్కి రావాలి. విన్‌ఫార్మ్స్‌లోనూ క్యూట్‌లోనూ ట్యాబ్ వరుస ముందే ఉంటుంది, ఎంటర్‌ని మాత్రం మీరే పట్టుకోవాలి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి. పురుగుమందుల డబ్బాల మీద బార్‌కోడ్ ఉంటుంది కదా, స్కానరు కొన్నారు. స్కానరు అంటే సిస్టం దృష్టిలో ఇంకో కీబోర్డే. అంకెలు టైప్ చేసి చివర ఎంటర్ కొడుతుంది. నా ఫారంలో ఎంటర్‌కి సేవ్ బటన్ కట్టి ఉంది. మొదటి డబ్బా స్కాన్ చేయగానే బిల్లు సేవ్ అయి ప్రింటు వచ్చేసింది. రైతుకి అయిదు మందులు, అయిదు బిల్లులు. ఆయన నవ్వాడు గానీ, యజమాని నవ్వలేదు.

స్క్రీన్ సైజు కూడా కౌంటర్‌దే చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో 1920×1080, స్కేలింగ్ 125 శాతం. కొట్లో మానిటరు 1366×768, ఇంకా పాతదైతే 1024×768. మీ దగ్గర అందంగా ఉన్న ఫారంలో సేవ్ బటన్ అక్కడ స్క్రీన్ కింద, కనిపించని చోట ఉంటుంది. కంట్రోల్స్‌ని కొలతలతో అతికించకుండా, విండోతోపాటు సాగి ముడుచుకునే లేఅవుట్‌లో పెట్టండి. క్యూట్ లేఅవుట్లు ఈ విషయంలో విన్‌ఫార్మ్స్ కన్నా మెరుగు, ఒప్పుకుంటాను.

ఇంకోటి: ఎక్కువసేపు పట్టే పని బటన్ క్లిక్‌లోనే చేయకండి. విండో అయిదు సెకన్లు పలకకపోతే విండోస్ దాన్ని "నాట్ రెస్పాండింగ్" అని మసకబారుస్తుంది. అది చూసి మనవాళ్లు చేసేది ఒక్కటే, స్విచ్ ఆపి వేయడం. ఏడాది బాకీల రిపోర్టు లాంటివి వేరే థ్రెడ్‌లో, అంటే స్క్రీన్ పని ఆగకుండా వెనకాల విడిగా, నడపండి. సీ షార్ప్‌లో అసింక్-అవెయిట్, క్యూట్‌లో క్యూథ్రెడ్ అందుకే ఉన్నాయి. ఆ థ్రెడ్‌లోంచి నేరుగా స్క్రీన్‌ని ముట్టకూడదు, ఇది ఏ టూల్‌కిట్‌లోనైనా ఒకటే నియమం.

లెక్కలు ఫారంలో రాయకండి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నా ప్రోగ్రాంలో పన్ను లెక్క ప్రతి ఫారంలో, ప్రతి బటన్ వెనక ఉండేది. ఎరువులకి 12 శాతం అని ముందే ప్రకటించారు కదా అని జూన్ అంతా కూర్చుని అన్నిచోట్లా 12 రాశాను. జూన్ 30 సాయంత్రం దాన్ని 5 శాతానికి తగ్గించారు. ఆ రాత్రి నేను, నా తమ్ముడు తొమ్మిది షాపులకి ఫైళ్లు మోశాం. ఒక ఫారంలో 12 మిగిలిపోయిందని వారం తర్వాత తెలిసింది. ఆ తర్వాత రేట్లన్నీ ఒక పట్టికలో, ఏ తేదీ నుంచి ఏ రేటో రాసి పెట్టాను. 2025 సెప్టెంబరు 22న సూక్ష్మపోషకాలు, కొన్ని జీవ పురుగుమందులు 12 నుంచి 5కి వచ్చినప్పుడు, పట్టికలో కొత్త వరుసలు వేయమని ఫోన్‌లో చెప్పాను, షాపులవాళ్లే వేసుకున్నారు. మీ లెక్కలు స్క్రీన్‌తో సంబంధం లేని వేరే ఫైల్‌లో ఉంటే రేపు పైసైడ్2 నుంచి 6కి మారినా, చివరికి వెబ్‌కి వెళ్లినా స్క్రీన్లు మాత్రమే తిరగరాస్తారు.

తేదీలు కూడా ఆ ఫైల్‌లోనే చూసుకోండి. సిస్టంలో రీజియన్ అమెరికా అని ఉంటే 03/04 అన్నది మార్చి నాలుగు అవుతుంది. మందు ఎక్స్‌పైరీ నెల తప్పితే ఎంత గొడవో చెప్పక్కర్లేదు. దాచేటప్పుడు సంవత్సరం, నెల, రోజు వరుసలో దాచి, చూపించేటప్పుడు మన పద్ధతిలో చూపించండి.

మిగతావి అడగకపోయినా నాలుగు మాటలు. డబ్ల్యూపీఎఫ్ అందంగా ఉంటుంది, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, కౌంటర్ పనికి అంత అవసరం లేదు. ఫ్లట్టర్, టౌరీ బాగున్నాయి గానీ మీ విండోస్ 7 మీద వాటిని నేను నమ్ముకోను. జావా స్వింగ్ ఇంకా బతికే ఉంది, జావా వచ్చినవాళ్లకి తప్పు కాదు. లాజరస్ అని పాస్కల్‌ది ఒకటుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఒక్క ఎగ్జిక్యూటబుల్ ఇస్తుంది, పాత సిస్టంలో చెంగుచెంగున పరిగెడుతుంది. మీకు పాస్కల్ వస్తే దాన్నే చెప్పేవాణ్ని.

"విన్‌ఫార్మ్స్ పాతబడింది, ఉద్యోగానికి పనికిరాదు" అని ఎవరైనా అంటారు. 2002 నాటిది, నిజమే. 2018లో మైక్రోసాఫ్ట్ దాని కోడ్ బయటపెట్టింది, ఆ తర్వాత వచ్చిన కొత్త డాట్ నెట్ వెర్షన్లలోనూ ఉంది. ఈమధ్యలో అదే కంపెనీ తెచ్చిన సిల్వర్‌లైట్ వచ్చి వెళ్లిపోయింది. ఉద్యోగం కోసం వేరే ఏదైనా నేర్చుకోండి, కాదనను. బాబాయి కౌంటర్ మాత్రం రెజ్యూమె కాదు.

పైథాన్‌తోనే వెళ్తే ఒక జాగ్రత్త. పైథాన్ కోడ్‌ని ఎగ్జిక్యూటబుల్‌గా కట్టే పైఇన్‌స్టాలర్‌తో ఒక్క ఫైలుగా చేయకండి. తెరిచిన ప్రతిసారీ అది టెంప్ ఫోల్డరులోకి విప్పుకుంటుంది, పాత హార్డ్‌డిస్క్ మీద నత్తనడక. పైగా యాంటీవైరస్‌లు దాన్ని చూసి ఉలిక్కిపడతాయి. ఫోల్డరుగా కట్టి, ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్ చేయండి. డేటాకి ఎస్‌క్యూలైట్ చాలు, ఒక్క సిస్టమే కాబట్టి. రెండో సిస్టం వస్తే ఆ ఫైలుని షేర్డ్ ఫోల్డరులో పెట్టి రెండుచోట్ల నుంచి తెరవద్దు, అప్పుడు పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ సర్వర్ వేసుకోండి.

మీరు ఈ వారం చేయాల్సింది: ఒక పొద్దున కొట్లో గుమాస్తా పక్కన కూర్చుని ఆయన చేయి ఎటు వెళ్తుందో చూడండి. రైతు ముందు పేరు చెబుతాడా, సరుకు చెబుతాడా? యూరియా అమ్మినప్పుడు ప్రభుత్వ పాస్ మిషన్‌లో వేలిముద్ర ముందా, మీ బిల్లు ముందా? ఆ వరుస మీ స్క్రీన్‌లో తిరగబడితే ఎంత మంచి టూల్‌కిట్ అయినా వాళ్లు వాడరు. ఆ తర్వాత ఒకే ఒక్క స్క్రీన్, బిల్లుది, పైసైడ్2లో రెండు రోజులు, విన్‌ఫార్మ్స్‌లో రెండు రోజులు రాసి, రెండూ ఆ పాత సిస్టంలో వేసి తెలుగు ప్రింటు తీయండి.

తీశాక ప్రింటరు మోడల్ నంబరు, విండోస్ 32 బిట్టో 64 బిట్టో, "స్త్రీ" ఎలా పడిందో ఒక ఫొటోతో ఇక్కడే పెట్టండి. బొమ్మగా గీసి పంపే కోడ్ నా దగ్గర రెండు భాషల్లోనూ ఉంది, మీకు ఏది కావాలో చూసి ఇస్తాను.